పోచమ్మను తిట్టే హక్కు

మా చిన్నాయన కొడుకు నర్సింలు ఎప్పుడొచ్చినా ముందు ఫోన్ చేసి వస్తాడు. మొన్న మాత్రం చెప్పాపెట్టకుండా గోపన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటుకు వచ్చేశాడు. కింద గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన ఫోన్ చేసి, "మేడమ్, మీ కోసం ఎవరో పూజారిగారు వచ్చారండి" అంటే నాకు నవ్వు ఆగలేదు. ఉద్యోగమంతా కాలేజీలో జీవశాస్త్రం చెప్పి, దేవుడి మాటెత్తిన పిల్లలను కళ్లద్దాల మీదుగా చూసి నోరు మూయించినదాన్ని. నా ఇంటికి పూజారా! తీరా చూస్తే నర్సింలు, మా ఊరి పోచమ్మ గుడి ఇప్పుడు చూసుకుంటున్నది వాడే. నుదుట పసుపు కుంకుమ, ఒంటి మీద ఏదో కంపెనీ పంచిపెట్టిన పాత టీషర్టు. సోఫాలో కూర్చున్నాడే గానీ వీపు ఆనించలేదు. నీళ్లు తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ తిప్పుతూ చివరికి అడిగాడు.

"అక్కా, పెద్దనాయిన తిట్లు నీకు యాదికున్నయా?"

పెద్దనాయిన అంటే మా నాన్న, కుమ్మరి మల్లయ్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తిట్లు ఎందుకురా అన్నాను. నర్సింలు చెప్పుకొచ్చాడు. నానక్‌రామ్‌గూడలో మా పాత ఇంటి పక్కన ఉండే లచ్చవ్వ చిన్నమ్మ బిడ్డ సరిత, ఒక ఆఫీసు క్యాంటీనులో వంట చేసే పిల్ల, డెంగీతో పోయింది. ఆ సంగతి నాకు తెలుసు, వెళ్లి చూసి వచ్చాను కూడా. "ఇగ అప్పటికెళ్లి ముసల్ది ఏడుస్తలేదక్కా, తింటలేదు. పొద్దున లేచి పోచమ్మ గుడి ముంగట కూసుంటది. మల్లన్న తిట్టినట్టు నా తరఫున మీ ఇంట్ల ఎవలన్న తిట్టున్రి, అప్పుడే ముద్ద ముడుతా అంటది. నాకు రావాయె. నాకొచ్చేటియి నాలుగు మంత్రాలు, అవి గూడ ఫోన్ల జూసి నేర్చుకున్న. మస్తు పరేషాన్ అయితున్న."

"నాకు నమ్మకం లేదు కదరా" అన్నాను.

"నీ నమ్మకంతోని ఏం పని అక్కా? తిట్లు కావాలె" అన్నాడు వాడు, చక్కెర అప్పడిగినంత మామూలుగా. వాడికి చాయ్ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్లి, పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడ అంటే అందరికీ అద్దాల మేడలు గుర్తుకొస్తాయి, షేర్ ఆటోల వాళ్ల కేకలు గుర్తుకొస్తాయి. నాకు తడిమట్టి వాసన గుర్తుకొస్తుంది. మా వాకిలి నిండా మట్టే. చెరువు మట్టి ఎండబెట్టి, దంచి, జల్లించి, నీళ్లలో నానబెట్టి, గాడిద లద్దె, బూడిద కలిపి కాళ్లతో తొక్కేవాళ్లం. తొక్కీ తొక్కీ నా మడమలు ఎప్పుడూ పగిలే ఉండేవి. కాలేజీలో చేరాక వాటిని చీరకుచ్చెళ్ల కింద దాచుకోవడానికి పడ్డ పాట్లు పగవాడికి వద్దు. నాన్న తెల్లవారకముందే కుండలు చేసే సారె తిప్పేవాడు. చెవి మీద ముట్టించని బీడీ ఒకటి ఉండేది. దాన్ని పని అయ్యేదాకా ముట్టించడు, పని ఎప్పటికీ అయ్యేది కాదు. వంటింట్లోంచి అమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడు, వాకిట్లోంచి నాన్న పచ్చికుండను కర్రబద్దతో తట్టే చప్పుడు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు వినిపించేవి. కుండలు కాల్చడానికి ఆవం పెట్టిన రోజు ఊరంతా పిడకల పొగ. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే పచ్చిపులుసు కలిపేది, ఆ పులుసులో కూడా కాస్త పొగ రుచి తగిలేది. అంత రుచి మళ్లీ ఎక్కడా ఎరగను.

మా వైపు పోచమ్మ పూజారులు కుమ్మరివాళ్లే. ఊరి చివర వేపచెట్టు కింద, మనిషి లోపల నిటారుగా నిలబడలేనంత చిన్న గుడి. లోపల పసుపు పూసిన రాయి. ఆదివారం పొద్దున నాన్న స్నానం చేసి, కడవెడు నీళ్లతో రాయిని కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, సాక నీళ్లు పోసి, ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టేవాడు. అవును, తిట్టడమే. మా ఊళ్లో అది పద్ధతి. కష్టమొచ్చిన వాళ్లు తామంతట తాము అమ్మవారిని ఒక్క మాట అనకూడదు, కళ్లు పోతాయి. పూజారి ఇంటివాళ్లకు మాత్రం హక్కుంది. ఆమెను కడిగేదీ, ఆమెకు తినిపించేదీ, ఊరేగించేదీ వాళ్లే కాబట్టి నాలుగు మాటలు అంటే ఆమె పడాలి. అందుకని ఆదివారం వచ్చిందంటే మా ఇంటి ముందు ఆడవాళ్లు చేరేవాళ్లు. "మల్లన్నా, మా ఆయన ఇంటికొస్తలేడు, జర నా తరఫున తిట్టు." "మల్లన్నా, బర్రె సచ్చిపాయె, గట్టిగ తిట్టు." ఎవరి తరఫున తిడుతున్నాడో వాళ్లు వెనకాల దూరంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడాలి. మాట్లాడకూడదు. ఏడవచ్చు.

ఆ తిట్లు! "ఓ పోచమ్మా! కండ్లున్నయా, కారిపోయినయా? పసుపు వూస్తే పూయించుకుంటివి. సాక వోస్తే తాగితివి. కోడిని కోస్తే ఈకలు గూడ మిగల్చకపోతివి. పిల్లకు పానం మీదికొస్తే మాత్రం చెట్టుకింద కాళ్లు జాపుకుని కూసుంటివా? సిగ్గున్నదా నీకు? నీ ఇంట్ల ఎలుకలు దూర! నీ మొకానికి బొట్టెవ్వలు పెడ్తరే, నేను గాకపోతె?" అలా గుక్క తిప్పుకోకుండా తిట్టి, గొంతు బొంగురుపోయాక, చివర్లో చెంబెడు చన్నీళ్లు రాయి మీద పోసి, "సల్లగుండు తల్లీ, నా నోరు మంచిది గాదు" అనేవాడు. వెనక నిలబడ్డ మనిషి అప్పటికి వెక్కి వెక్కి ఏడ్చి, ముక్కు చీది, కొంగు బిగించుకుని ఇంటికెళ్లి పొయ్యి ముట్టించేది. మా అమ్మ సత్తెమ్మ నవ్వేది. "అమ్మోరి ముంగట పులి, నా ముంగట పిల్లి" అని.

ఆ పెద్ద తిట్టునీ, చిన్న తిట్లనీ, వానొచ్చి ఆవం ఆరిపోయినప్పుడు తిట్టే ప్రత్యేకమైన తిట్టునీ నేను చిన్నప్పుడే గడగడా ఒప్పజెప్పేదాన్ని. మట్టి తొక్కుతూ లయగా తిట్టుకునేదాన్ని. ఎక్కాల కంటే ముందు అవే వచ్చాయి.

తర్వాత నేను డిగ్రీలో చేరాను. అప్పటికి హైటెక్ సిటీ అన్న మాటే పుట్టలేదు. బస్సు కోసం చాలా దూరం నడవాలి. నడిచినంతసేపూ క్లాసులో విన్నది తలలో కందిరీగల్లా గుయ్యిమనేది. గాజుబుడ్డిలో నీళ్లు, కొన్ని వాయువులు పెట్టి లోపల మెరుపుల్లాంటివి పుట్టిస్తే, ప్రాణానికి ముడిసరుకు అనదగ్గ పదార్థాలు వాటంతటవే తయారయ్యాయని మా సార్ చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన సారె ఆపలేదు.

"చెయ్యి లేకుంట కుండ అయితదా బిడ్డా?" అన్నాడు.

ఆయన వాదమంతా అదే. మంచి వాదమే, పెద్ద పెద్ద పండితులు కూడా అంతకు మించి చెప్పింది తక్కువ. ఆది శక్తి నీళ్లలో మూడు గుడ్లు పెట్టిందని, వాటిలోంచి ముగ్గురు దేవుళ్లు వచ్చారని, ఆ శక్తే ఊరూరా పోచమ్మై కూర్చుందని మా ఇళ్లల్లో చెప్పుకునే కథ. నేను ఊరుకుంటానా? "కుండ కుండను కంటదా నాయినా? ప్రాణమున్నది కంటది. కన్నప్పుడల్లా కొంచెం తేడా వస్తది. ఆ తేడాల్లో నిలబడగలిగింది నిలబడ్డది. కోట్ల ఏండ్లు. చెయ్యి అక్కర్లేదు." ఆయన తల ఊపాడు. రెండు మూడు రోజుల తర్వాత మట్టి తొక్కుతుండగా అడిగాడు. "ఆ బుడ్డి ఎవలు వెట్టిన్రు?" సముద్రమే బుడ్డి అన్నాను. సముద్రం యాడిదన్నాడు. భూమి, సూర్యుడు, ఆ ధూళి, అంతకు ముందు అంతా ఇరుకున ఉండి విచ్చుకోవడం, నాకు వచ్చిందంతా చెప్పాను. వారాల తరబడి సాగింది ఆ ముచ్చట. ఆయనకు బడి లేదు, కానీ మొండితనమూ లేదు. ఒక మాట సరైనదని తోస్తే దాన్ని పక్కకు నెట్టే గుణం ఆయనలో లేదు. ఇప్పుడనిపిస్తుంది, కొంచెం మొండితనం ఉంటే ఎంత బాగుండేదో.

చివరికి ఒక సాయంత్రం, చేతుల మట్టి కడుక్కుంటూ అడిగాడు. "గదంత విచ్చుకోకముందు ఏముండె బిడ్డా? ఎవలుండిరి?"

క్లాసులో మా సార్‌ను నేనూ ఇదే అడిగాను. "అక్కడి సంగతి ఇంకా తెలియదమ్మా" అన్నారాయన, ఏ మాత్రం సంకోచం లేకుండా. ఆ మాటే నాన్నకు చెప్పి ఉండొచ్చు. కానీ గెలుపు నోటిదాకా వచ్చిన పిల్లను నేను. "ముందు అనేదే లేదు నాయినా. ఏమీ లేదు, ఎవరూ లేరు" అన్నాను. సృష్టికి ఎవరి అవసరమూ కనిపించడం లేదు అనడం వేరు, ఎవరూ లేనే లేరు అనడం వేరు. ఆ తేడా నాకు పరీక్ష కాగితం మీద తెలుసు, మా వాకిట్లో తెలియలేదు. ఈ రోజుకీ నా అభిప్రాయం మారలేదు, ఏ శక్తీ వచ్చి ప్రాణం పొయ్యక్కర్లేదనే అంటాను. కానీ ఆ రోజు నేను నాకు తెలిసిన దానికంటే ఎక్కువ చెప్పాను, అదీ నన్ను కళ్లు మూసుకుని నమ్మే మనిషికి.

ఆ పై ఆదివారం నాన్న రాయిని కడిగాడు, పసుపు పూశాడు, బొట్టు పెట్టాడు, ఇంటికొచ్చాడు. వెనకాల ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. "ఏంది మల్లన్నా, తిట్టవా?" అంటే, "దానికేం తెలుసమ్మా పాపం, రాయి" అన్నాడట. కొన్నాళ్లకు పూజ చిన్నాయనకు అప్పజెప్పాడు. చిన్నాయన మెత్తని మనిషి. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి వచ్చేవాడు. ఆడవాళ్లు నొచ్చుకున్నారు. నేను మాత్రం కాలేజీలో స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను, మా నాన్న మూఢనమ్మకాలు వదిలేశాడని. వాళ్లు చప్పట్లు కూడా కొట్టారు.

అమ్మకు కడుపులో గడ్డ అని తెలిసేసరికే ఆలస్యమైంది. దవాఖానాల చుట్టూ నేనే తిప్పాను. ఆమె పోయిన రోజు మా వాకిట్లో ఊరి ఆడవాళ్లంతా కూర్చుని నాన్న వైపే చూస్తున్నారు. నాకు అర్థమైంది వాళ్లు దేని కోసం చూస్తున్నారో. ఇంతకాలం అందరి కోసం తిట్టిన మనిషి, ఇప్పుడు తన పెళ్లాం కోసం ఆ గుడి కప్పు ఎగిరిపోయేలా తిడతాడని. ఆయన లేవలేదు. సారె పక్కన కూర్చుని, ఉత్త సారెను చేత్తో తిప్పుతున్నాడు, ఆగితే మళ్లీ తిప్పుతున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎవలను తిట్టాలె బిడ్డా?" అన్నాడు.

నా దగ్గర జవాబుంది, అదే నా కర్మ. కణాలు అదుపు తప్పి పెరుగుతాయని, అది ఎవరి తప్పూ కాదని మెల్లగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, ఎప్పటిలాగే. "ఎవల తప్పు గాకపోతె ఇంత దుఃఖం యాడ దించుకోవాలె మరి?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికాడు. కుండలు అమ్ముడుపోక పూలకుండీలు చేశాడు, మేడల బాల్కనీల కోసం. ఏడవడం నేను చూడలేదు. మాట తగ్గింది, తిండి తగ్గింది, చెవి మీద బీడీ కూడా పోయింది. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, సెలవులకు ఇంటికెళితే ఆ నిశ్శబ్దం భరించలేకపోయేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "పోనీ నన్ను తిట్టు నాయినా. అంతా నేనే చేసిన. నీ పోచమ్మను నీకు లేకుంట చేసిన. నోరారా తిట్టు" అన్నాను. ఆయన నిజంగానే ప్రయత్నించాడనుకుంటాను. నోరు తెరిచాడు, నా మొహం చూశాడు, మళ్లీ మూసుకున్నాడు. "నిజం చెప్పినోళ్లను ఎట్ల తిడ్తరు బిడ్డా? అబద్ధం చెప్తె తిట్టేటోన్ని" అన్నాడు. నేను చెప్పినదంతా నిజం కాదు నాయినా, చివరి మాట నా సొంతం, అని అప్పుడైనా అని ఉండాల్సింది. నోట్లో నాలుక ఉండి కూడా అనలేదు.

చాయ్ తాగాక నర్సింలుతో బయలుదేరాను. షేర్ ఆటోలో నా పక్కన మెడలో ఐడీకార్డు వేసుకున్న ఒక అమ్మాయి, ఏదో యాప్ కస్టమర్ కేర్ వాళ్లను ఫోన్‌లో దులిపేస్తోంది. తిట్టడం అయ్యాక ఫోన్ కట్ చేసి, హాయిగా ఊపిరి పీల్చుకుని, పాటలు పెట్టుకుంది. ఇప్పుడు అందరికీ తిట్టడానికి ఎవరో ఒకరు ఉన్నారు. ట్రాఫిక్ ఉంది, మేనేజరు ఉన్నాడు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఉంది. తిండి చల్లగా వస్తే ఒక్క స్టార్ ఇచ్చి కసి తీర్చుకోవచ్చు. బిడ్డ పోయిన వాళ్లకు మాత్రం ఫోన్ చేసి తిట్టడానికి ఏ నంబరూ లేదు. మా ఊళ్లో ఒకటుండేది, దాన్ని నేను మూయించాను. ఈ మాట ఎవరితోనైనా అంటే, మేడమ్‌కు వయసు మీద పడి భక్తి పుట్టుకొచ్చిందని నవ్వుతారు. భక్తి పుట్టలేదు. పుడితే ఈ బాధ ఇంత ఉండేది కాదేమో.

గుడికి ఇప్పుడు పలకరాళ్లు పరిచారు, స్టీలు గేటు పెట్టారు. నాలుగు వైపులా మేడలే. లచ్చవ్వ చిన్నమ్మ గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పట్టుమని పిడికెడు కూడా లేదు మనిషి. నన్ను చూసి లేచి, దూరంగా వెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంకేం చేయను? నేను వెళ్లి రాయి ముందు నిలబడ్డాను. నాకు తెలుసు అది రాయని. ఏ ఖనిజమో, భూమి లోపల ఎలా చల్లబడి గట్టిపడిందో కూడా చెప్పగలను.

"ఓ పోచమ్మా" అన్నాను. నర్సింలు వెనక నుంచి, "గట్టిగ అక్కా" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. కండ్లున్నయా, కారిపోయినయా. పసుపు వూస్తే పూయించుకుంటివి. సాక వోస్తే తాగితివి. మధ్యలో ఎక్కడో అది నా గొంతు కాకుండా పోయింది. పంటి బిగువున ఇన్నాళ్లు ఆపుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. నీ ఇంట్ల ఎలుకలు దూర అన్నాను, సరిత పేరు చెప్పి తిట్టాను, ఆ పిల్ల వంట చేసిన చేతులను తలుచుకుని తిట్టాను. వెనకాల మొదట చిన్న మూలుగు వినిపించింది. తర్వాత లచ్చవ్వ చిన్నమ్మ ఏడుపు ఎంత గట్టిగా లేచిందంటే ఎదురు మేడ దగ్గర నిలబడ్డ డ్రైవర్లు తిరిగి చూశారు. నేను ఆపలేదు. అంతా అయ్యాక చెంబెడు నీళ్లు పోసి, "సల్లగుండు తల్లీ, నా నోరు మంచిది గాదు" అన్నాను.

నర్సింలు పెళ్లాం టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తెచ్చింది. లచ్చవ్వ చిన్నమ్మ ముక్కు తుడుచుకుని, గుడి అరుగు మీద కూర్చుని తింది. కొంచెమే, కానీ తింది. నేను పక్కన కూర్చున్నాను. ఒళ్లంతా తేలికైంది, అబద్ధమెందుకు. ఆమె చెయ్యి కడుక్కుని, తడిచేత్తోనే నా చెయ్యి పట్టుకుని, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు అడిగింది.

"మా అందరి తరఫున మీ నాయిన తిట్టెటోడు. మీ అమ్మ సచ్చిపోయినప్పుడు ఆయిన తరఫున ఎవలు తిట్టిన్రు బిడ్డా?"

"ఎవరూ తిట్టలేదు చిన్నమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమే.

"తిట్లన్ని నీకు వస్తయి గదనే" అంది.